పాత ఆక్టావియాకి పెద్ద బ్రేకులు వేయించాక వచ్చే గొడవలు, వాటికి మందు

మా బాబాయి వాడి వాడి నాకిచ్చిన 2004 ఆక్టావియా, 1.8 టర్బో పెట్రోల్. కొండవీడు ఘాట్ దిగేటప్పుడు నలుగురం ఉన్నాం, సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగీ ఆగనట్టు. ఇంటికొచ్చి ఆ రాత్రే డిసైడ్ అయిపోయా, ముందు బ్రేకులు పెంచాల్సిందే అని. యూరప్‌లో అమ్మిన ఆక్టావియా ఆర్‌ఎస్‌కి ముందు 312 ఎంఎం డిస్కులు, నా బండికి 288. ఈ రెండిటికీ పిస్టన్ సైజు ఒకటే, 54 ఎంఎం, కాబట్టి కాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) అలాగే ఉంచి దాన్ని మోసే కారియర్, డిస్కు, ప్యాడ్లు మారిస్తే చాలు, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ జోలికి పోనక్కర్లేదు. చిన్న డిస్కులున్న బండ్లకి ఇలా కుదరకపోవచ్చు, చక్రం ఊడదీసి కారియర్ విడిగా రెండు బోల్టులతో ఉందో లేదో చూసుకున్నాకే పార్టులు కొనండి. ఇంకోటి, 312కి కనీసం 16 అంగుళాల వీల్ కావాలి, 15 పట్టదు.

ముందే చెప్పేస్తున్నా, దీంతో బండి సగం దూరంలో ఆగిపోద్దనుకోకండి. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ కొట్టుకోవడం మొదలయ్యాక ఎంత దూరంలో ఆగాలో టైర్లే చెప్తాయి. పెద్ద డిస్కు వేడిని తట్టుకుంటది, ఘాట్‌లో పనికొచ్చేది అదే. టైర్లు ఎండకి బీటలిచ్చి ఉంటే ముందు ఆ డబ్బు అక్కడ పెట్టండి.

పెడల్ స్పాంజిలా మెత్తగా పోతోంది, పంప్ చేస్తే గట్టిపడుతోంది

లైన్లో గాలి ఉంది, అందులో డౌట్ లేదు. కానీ మూడుసార్లు బ్లీడింగ్ చేసినా, అంటే ఆయిల్ వదులుతూ గాలి తీసినా, పోకపోతే? నాకు సరిగ్గా ఇదే జరిగింది. సీళ్లు మార్పిద్దామని కాలిపర్లు రెండూ ఊడదీయించా, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో సాయంత్రం దాకా కూర్చుని గాలి తీస్తూనే ఉన్నారు, లీటర్ బ్రేకాయిల్ అయిపోయింది, పెడల్ మాత్రం అలాగే. చివరికి పక్క షెడ్డు పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి వంగి చూసి, "బాబూ, నిప్పిల్ కింద ఉందేంటి?" అన్నాడు. అంతే, అందరం సైలెంట్. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించేశారు. రెండూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి, బోల్టులూ పడతాయి, గాలి వదిలే బ్లీడర్ నిప్పిల్ ఒక్కటి మాత్రం పైన ఉండాల్సింది కిందకి వెళ్లిపోద్ది. గాలి ఎప్పుడూ పైకే పోతది కదా, నిప్పిల్ కింద ఉంటే ఆయిల్ వస్తది గాలి మాత్రం పైనే దాక్కుంటది. అటుదిటు మార్చి బిగించాక పది నిమిషాల్లో పెడల్ రాయిలా అయ్యింది.

నిప్పిల్ పైనే ఉన్నా మెత్తగా ఉంటే రెండు చూడండి. గొట్టం కాలిపర్‌కి తగిలే బ్యాంజో బోల్టు దగ్గర పాత రాగి వాషర్లే మళ్లీ వేశారా, అక్కడ తడి ఉందా. రెండోది, బ్లీడింగ్‌లో పైన డబ్బా ఖాళీ అయ్యిందా. ఖాళీ అయితే గాలి ఏబీఎస్ పంపులోకి పోయి ఉంటది, అప్పుడు స్కానర్ పెట్టి పంపు తిప్పిస్తూ తీయాలి, మామూలుగా తొక్కితే రాదు.

వేరే బండి కాలిపర్ పెద్ద పిస్టన్‌ది వేశారనుకోండి, అది వేరే లెక్క. 54 బదులు 57 వేస్తే పిస్టన్ వైశాల్యం 11 శాతం పెరుగుతది, అంత ఆయిల్ ఎక్కువ కావాలి, కాబట్టి పెడల్ కిందకి పోవడం సహజం. అది గాలి కాదు, ఎంత బ్లీడ్ చేసినా మారదు. పైగా ముందు బ్రేకుకి బలం ఎక్కువై వెనక దానికి పని తగ్గిపోద్ది. నా మట్టుకు ఇలాంటి కలగాపులగం వద్దంటాను, కంపెనీ తన పెద్ద మోడల్‌కి ఏది వేసిందో అదే వేసుకోవడం మేలు.

బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతోంది, లేదా ఒక వీల్ కాలిపోతోంది

కృష్ణ మీద వారధి దాటి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు, దగ్గర పెడితే చాలు సెగ తెలుస్తది. వేడెక్కిన వీల్‌ని జాకీ మీద లేపి బ్రేక్ తొక్కి వదిలి చేత్తో తిప్పండి. తిరగట్లేదా? నిప్పిల్ కొంచెం లూజ్ చేయండి. ఆయిల్ చిమ్మి వీల్ వదిలేసిందంటే ప్రెషర్ లోపల ఇరుక్కుంది, అంటే రబ్బరు గొట్టం. ఇరవై ఏళ్ల గొట్టం పైకి నిగనిగలాడుతూనే ఉంటది, లోపల పొర ఊడి తలుపులా అడ్డం పడతది, తొక్కితే ఆయిల్ వెళ్తది గానీ వెనక్కి రాదు. గొట్టాలు జతగా మార్చేయండి. ముందు రెండు చక్రాలూ ఇలాగే పట్టేస్తుంటే మాత్రం గొట్టాన్ని తిట్టకుండా పైన మాస్టర్ సిలిండర్ చూడాలి.

నిప్పిల్ తీసినా వీల్ వదల్లేదంటే పిస్టన్ తుప్పు, లేదా కాలిపర్ అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నులు జామ్. పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టండి. మామూలు గ్రీజు పెట్టారో, రబ్బరు బుష్ ఉబ్బిపోయి నెల తిరక్కుండా మళ్లీ జామ్. మన షెడ్లలో ఒకటే డబ్బా, బేరింగుకీ అదే, పిన్నుకీ అదే, అందుకే నేను సిలికాన్ ట్యూబు బండిలోనే పెట్టుకుని తిరుగుతా.

80 దాటాక బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది

"డిస్క్ బెండ్ అయ్యింది సార్, లేత్ పట్టిద్దాం" అంటారు. కొత్త డిస్కుకి అప్పుడే బెండేంటి? డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు పొర గీకకుండా వేసేస్తే డిస్కు వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటది, తిరిగే కొద్దీ ఒకచోటే అరిగి వణుకు మొదలవుద్ది. నా పాత హబ్ మీద వైర్ బ్రష్ పెడితే ఎర్రటి పొడి దోసిలి నిండా వచ్చింది. వైర్ బ్రష్, ఎమెరీ పేపర్‌తో మెటల్ మెరిసేదాకా గీకి, వీల్ బోల్టులు స్టార్ ఆకారంలో టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించండి. గాలి గన్‌తో టర్రుమని బిగించి పంపితే ఈ జబ్బు తిరిగి రావొచ్చు.

తర్వాత ప్యాడ్లు అలవాటు చేయాలి. తెల్లారగట్ల హైవే ఖాళీగా ఉన్నప్పుడు, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 20 దాకా ఓ పదిసార్లు తగ్గించి, పూర్తిగా ఆపకుండా, ఆ తర్వాత బ్రేక్ తక్కువ వాడుతూ చల్లారనివ్వండి. వేడి మీద ఆపి పెడల్ మీద కాలుంచితే ప్యాడ్ మెటీరియల్ డిస్కుకి అచ్చుపడినట్టు అంటుకుంటది, అదీ వణుకే.

టక్ టక్, కిర్ కిర్

గతుకుల్లో టక్కుమంటే కాలిపర్ బయటి స్ప్రింగ్ వేయడం మర్చిపోయి ఉంటారు, లేదా గైడ్ బుష్ అరిగింది. వీల్ తిరిగే లయలో కిర్రుమంటే అల్లాయ్ లోపల అంటించిన బ్యాలెన్స్ వెయిట్లు కాలిపర్‌కి రాసుకుంటున్నాయేమో చూడండి.

పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి ఆగట్లేదు

కాలిపర్‌ది కాదు, పెడల్‌కి సాయం చేసే బూస్టర్‌కి అందాల్సిన వాక్యూమ్‌ది. ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కి, కాలు నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి వెళ్లే పైపు చీలిందో, దాని చెక్ వాల్వ్ పోయిందో. టర్బో బండిలో ఆ వాల్వ్ పోతే బూస్ట్ గాలి అటు పోతది.

ఘాట్‌లో మొదట బాగుండి తర్వాత పెడల్ నేలకి పోతోంది

బ్రేకాయిల్ మరిగింది. డాట్ 4 రకం ఆయిల్ మరిగేది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర, తేమ పీల్చాక 155. మన కృష్ణ ఒడ్డు ఉక్కలో రెండేళ్లకోసారి మార్చేయాలి, సగం వాడి మూత తీసి పెట్టిన డబ్బాలోది అసలు పోయనివ్వకండి. డాట్ 5 అని రాసున్నది కొనకండి, అది సిలికాన్, దీంతో కలవదు. డాట్ 5.1 అయితే ఓకే. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు కొట్టండి, నా ఫెండర్ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఇంకా ఉంది.

వెనక ప్యాడ్లు కూడా అదే రోజు మార్పిస్తే మాత్రం పక్కనే నిలబడండి. వెనక పిస్టన్‌ని లోపలికి నొక్కుతూ సవ్యదిశలో తిప్పాలి, స్క్రూ లాగా, హ్యాండ్‌బ్రేక్ మెకానిజం అందులోనే ఉంటది. క్లాంప్ పెట్టి బలంగా నొక్కబోతే "ఆగు బాబాయ్" అని చెయ్యి పట్టుకోండి, నేను పట్టుకోలేదు, అందుకే నా ఎడమ వెనక కాలిపర్ కొత్తది.