మొరాయించే పాత కారు, 3వ పాఠం: బీప్ మోతను నమ్మకండి

ఈసారి కార్బరేటర్ జోలికి వెళ్దామనుకున్నాం. అది వాయిదా. రెండో పాఠంలో సెల్ఫ్ (ఇంజనును తిప్పి లేపే మోటారు) తిరుగుతుండగా బ్యాటరీ వోల్టేజి కొలవమన్నాను, ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి, ఇంజనుకు కలిపే లావు వైరు) మల్టీమీటర్‌తో చూడమన్నాను. మీరు పంపిన రీడింగులు చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు.

దాదాపు అందరిదీ ఒకటే మాట: "బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, బాగానే ఉంది, అయినా అప్పుడప్పుడు సెల్ఫ్ తీసుకోవడం లేదు." ఎప్పుడు కొలిచారయ్యా అంటే, పొద్దున్నే బండి తీయకముందు అన్నారు. సెల్ఫ్ తిరుగుతుండగా కొలవమన్నాను కదండీ! ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే చార్జి నిండుగా ఉందని అర్థం, అంతే. లోడు పడినప్పుడు నిలబడుతుందా లేదా అనేది తాళం తిప్పి పట్టుకుంటేనే తెలుస్తుంది. అప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని అనుమానించండి. పదిన్నర దగ్గర నిలబడి, అయినా సెల్ఫ్ నీరసంగా తిరిగిందా, బ్యాటరీని వదిలేయండి. మన విశాఖ మర్రిపాలెం నుంచి ఒకాయన ఇదేమీ చూడకుండా కొత్త బ్యాటరీ కొనేశారు. వారం తిరక్కుండానే బండి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర మళ్లీ టక్‌మని ఊరుకుంది. పాతది ఎక్స్ఛేంజికి ఇచ్చేశారట కూడా!

మీటర్ చేతిలో లేనప్పుడు నేను చేసేది ఒకటుంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీగానీ, దాని టెర్మినళ్లుగానీ. లైట్లు అలాగే వెలుగుతూ లోపల టక్ అని ఒక్క చప్పుడే వస్తే సెల్ఫ్ మోటారు, సొలినాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్), లేదా వాటికి వెళ్లే లావు వైర్లు. ఆ చప్పుడు కూడా లేకపోతే తాళం స్విచ్, లేదా దాన్నుంచి సొలినాయిడ్‌కు వెళ్లే సన్న వైరు. ఇది గోడ మీద రాసి పెట్టుకోదగ్గ పరీక్ష.

ఇక నన్ను విసిగించిన సంగతి. ఎర్త్ వైరు చూడమంటే సగం మంది మీటర్‌ను బీప్ (వైరు తెగిందా లేదా చూసే కంటిన్యూటీ) మీద పెట్టి, రెండు కొసలూ తాకించి, "కుయ్యిమంది, వైరు బాగుంది" అని రాశారు. బీప్ అంటే దారి ఉందని మాత్రమే. ఆ దారి ఎంత వెడల్పో అది చెప్పదు. లావు ఎర్త్ వైరులో పోగులన్నీ తెగి రెండు మిగిలినా మీటర్ కుయ్యిమంటుంది, ఎందుకంటే మీటర్ పంపే కరెంటు చీమంత. సెల్ఫ్ లాగేది చిన్న కారులోనైనా 100 ఆంపియర్ల చుట్టుపక్కల. లెక్క వేయండి: ఆ దారిలో 0.02 ఓమ్ అడ్డు ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే ఆవిరి. 0.02 ఓమ్‌ను మన చేతి మీటర్ కొలవలేదు, కొలిచినట్టు నటిస్తుంది. ఓమ్‌ల మీద పెట్టి చూశామని రాసిన వాళ్లకూ ఇదే జవాబు. వైరును విప్పి, బల్ల మీద పెట్టి, తుడిచి కొలిచిన వారికీ ఇదే. బరువు మోస్తుండగా కొలవని ఎర్త్ కొలిచినట్టే కాదు.

మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం. లాసన్స్ బే, పెద వాల్తేరు, బీచ్ రోడ్డు పక్కన బయటే నిలిపే బండ్ల మీద ఉప్పు పేరుకుంటుంది, అది తేమను పట్టి ఉంచుతుంది. వైరు పైన ప్లాస్టిక్ కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, లోపల రాగి పచ్చగా పొడి అయి ఉంటుంది.

సరిగ్గా కొలిచే పద్ధతి: డీసీ 20 వోల్టుల రేంజి. నల్ల మొన బ్యాటరీ నెగటివ్ సీసం బుడిపె మీద (దానికి బిగించిన టెర్మినల్ క్లాంపు మీద కాదు), ఎర్ర మొన సెల్ఫ్ మోటారు ఒంటి మీద రంగు లేనిచోట. తాళం తిప్పించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ నిర్దోషి. ఎక్కువ చూపిస్తే నల్ల మొనను బుడిపె నుంచి టెర్మినల్‌కు, వైరు కొసకు, బాడీకి అలా ముందుకు జరుపుతూ పోండి. ఎక్కడ అంకె దబ్బున పడిపోతుందో జబ్బు దానికి ముందు అతుకులో ఉంది. పాజిటివ్ వైపూ ఇంతే, ఎర్ర మొన బుడిపె మీద, నల్లది సెల్ఫ్‌కు వచ్చే లావు వైరు బోల్టు మీద. 0.5 దాటకూడదు. ఆ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులే.

అంత ఓపిక లేకపోతే నా అడ్డదారి: మొరాయించిన క్షణంలో జంపర్ కేబుల్ ఒకటి తీసి నెగటివ్ నుంచి నేరుగా ఇంజనుకు తగిలించండి. అమాంతం తిరిగిందా, ఎర్త్ మార్చండి. టెర్మినల్ శుభ్రం చేసేటప్పుడు నెగటివ్ ముందు విప్పి చివర బిగించాలి. వాసెలిన్ బిగించాక పైన పూయండి, ముందు కాదు.

చల్లగా ఉన్నప్పుడు బాగా తిరిగి, మధ్యాహ్నం ఆపి మళ్లీ తిప్పితే టక్‌మనే బండ్లు వేరే రకం. రాగి వేడెక్కితే దాని అడ్డు పెరుగుతుంది, వేడి 50 డిగ్రీలు పెరిగితే సుమారు 20 శాతం. అసలే బలహీనమైన సొలినాయిడ్ చుట్ట అప్పుడు లాగలేదు. సెల్ఫ్‌ను స్పానర్‌తో చిన్నగా కొడితే తిరిగిందంటే ఎక్కువగా లోపల కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. మెకానిక్‌లు ఆ దెబ్బను రిపేరు అనుకుంటారు, నాకది పరీక్ష మాత్రమే.

అభ్యాసం కాస్త పెద్దదే. సింహాచలం కొండ ఎక్కి దిగి, కింద చదునైన చోట ఆపండి (కొండ మీద వద్దు). బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. ఇంజను అంటుకోకుండా పాత కార్బరేటర్ బండిలో డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మధ్య నుంచి కాయిల్ వైరు తీసి ఎర్త్ చేయండి, ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండిలో ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీయండి. ఆపిన వెంటనే ఒకసారి, పావుగంటకు ఒకసారి, మర్నాడు తెల్లారి ఒకసారి మూడు అంకెలూ రాయండి: తిరుగుతున్నప్పటి బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ వైపు, పాజిటివ్ వైపు. ఒక్కో విడత పది సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో సెల్ఫ్‌ను చల్లారనివ్వండి. అంకె పక్కన ఇంజను వేడా చల్లనా అని రాయనివాళ్లు మళ్లీ కొండెక్కాల్సిందే.