ట్యాంకులో నిజంగా పనికొచ్చే ఫ్యూయల్ ఎంతో ఇలా చూసుకోండి

చిన్న విమానంలో ట్యాంకు నిండా ఉంటే అంతా వాడేసుకోవచ్చు అనుకోకండి, సెస్నా 172ఎస్‌లో 56 గ్యాలన్లు పడితే ఇంజిన్‌కి అందేది 53 మాత్రమే, ముందు మీ విమానం మాన్యువల్లో ఆ నంబర్ చూడండి. గేజ్ ఒక్కదాన్నే అస్సలు నమ్మొద్దు.

డిప్‌స్టిక్, అంటే ట్యాంకులో ముంచి ఫ్యూయల్ ఎంతుందో చూసే గీతల పుల్ల, మీ విమానానికే సొంతంగా చేసుకోవడం బెస్ట్. మెకానిక్‌ని దగ్గర పెట్టుకుని, ఎర్తింగ్ వైర్ తగిలించి, విమానాన్ని లెవెల్‌గా నిలబెట్టి, వాడుకోగలిగే ఫ్యూయల్ మొత్తం తీయించేసి, తర్వాత 5 గ్యాలన్ల చొప్పున కొలిచి పోస్తూ, పోసిన ప్రతిసారీ చెక్క పుల్ల నిటారుగా ముంచి తడి ఆరకముందే గీత పెట్టండి, అవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) చాలా తొందరగా ఆవిరైపోతుంది కదా. మొదటి కొన్ని గ్యాలన్లకి పుల్ల అసలు తడవకపోవచ్చు, అందుకే పుల్ల పొడిగా వస్తే ఆ ట్యాంకు ఖాళీ అనే లెక్కేసుకోండి ప్లీజ్. రెండో ట్యాంకుకీ విడిగా చేయాలి.