మిద్దె మీద ఖగోళం – 3: బావగారి బల్లపరుపు భూమి

గత పాఠంలో మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నపు అతి పొట్టి నీడను గుర్తించడం నేర్చుకున్నాం. తిరుపతిలో మార్చి 20న ఆ క్షణం సుమారు 12:20కి వస్తుంది. ఈసారి ఆ నీడకు పని చెబుదాం.

ఆ రోజు మా మిద్దె మీద నీడ 24 సెంటీమీటర్లు వచ్చింది. పక్కనే ఉన్న బావగారు, "భూమి దోసెపెనంలా బల్లపరుపుగా ఉన్నా నీడ పడుతుంది కదా, బావమరిదీ!" అని వాదనకు దిగారు. అంతలో ఢిల్లీలో చదువుతున్న వాళ్ల అమ్మాయి ఫోను చేసింది. అక్కడ అలాంటి కర్రకే 54 వచ్చిందట. "సూర్యుడు దగ్గరలో ఉంటే అదీ కుదురుతుంది" అన్నారు బావగారు. సరదాకు అన్నా, అది గట్టి అభ్యంతరం. నీడలతో భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ లెక్క చెప్పేటప్పుడు సూర్యకిరణాలు సమాంతరమని ముందే ఒప్పించేసి ముందుకు పోవడం నాకు నచ్చదు.

కాబట్టి బావగారి మాటే నిజమనుకుందాం. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు నడినెత్తిన ఉంటాడు. అక్కడికి తిరుపతి సుమారు 1,510 కిలోమీటర్లు, ఢిల్లీ సుమారు 3,170. దూరాన్ని కర్ర పొడవు 100 సెంటీమీటర్లతో గుణించి నీడ పొడవుతో భాగిస్తే సూర్యుడి ఎత్తు వస్తుంది. తిరుపతి నుంచి 6,300 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి 5,900! ఒకే సూర్యుడు ఒకే రోజున రెండు ఎత్తుల్లో ఎలా ఉంటాడు? నీడను అర సెంటీమీటరు తప్పుగా కొలిచామనుకున్నా ఈ తేడా పూడదు.

ఇప్పుడు గుండ్రని భూమి వంతు. కాగితం మీద 100 మిల్లీమీటర్ల నిలువు గీత గీసి, దాని అడుగున 24 మిల్లీమీటర్ల అడ్డగీత గీయండి. కొనలు కలిపి, పైన ఏర్పడిన కోణాన్ని కోణమానినితో కొలవండి: సుమారు 13.5 డిగ్రీలు. ఢిల్లీకి 28.4. భూమి గుండ్రంగా ఉండి, సూర్యుడు చాలా దూరం కాబట్టి కిరణాలు సమాంతరంగా వస్తే, ఈ కోణమే భూమి కేంద్రం దగ్గర భూమధ్యరేఖకూ ఆ ఊరికీ మధ్య ఉండే కోణం. దూరాలను కోణాలతో భాగిస్తే రెండు చోట్లా డిగ్రీకి 112 కిలోమీటర్లే. దాన్ని 360తో గుణిస్తే 40,300. భూమి అసలు చుట్టుకొలత 40,000 పైచిలుకు. ఒక కర్రకు, ఒక కాగితానికి ఇంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం.

బావగారు కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూశారు. "సరే, ఆ కిలోమీటర్లు ఎవరు కొలిచారు?" అన్నారు.

1802లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వేయరు లాంబ్టన్ కొలత గొలుసు పరిచి మొదలుపెట్టిన కొలత వచ్చే పాఠం. ఈలోగా మీ ఊరి నీడ కొలిచి ఉంచండి.