పాస్‌పోర్ట్ దరఖాస్తు: టికెట్ కొనకముందే చూసుకోవాల్సినవి

నెల్లూరు జిల్లా వాళ్లు విదేశాలకు ఎక్కువగా చెన్నై నుంచే వెళతారు. ఒంగోలు వైపు వాళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో పోతారు. విమానం ఎక్కడ ఎక్కినా, అక్కడ కౌంటర్ దగ్గర పడే టెన్షన్ చాలావరకు పాస్‌పోర్ట్ ఫారం నింపిన రోజే మొదలై ఉంటుంది. ముఖ్యంగా పేరు దగ్గర.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో అదీ ఉండదు. ముందు ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధార్ సరిచేయించుకున్నాకే దరఖాస్తు చేయడం మేలు. ఫారంలో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా, గివెన్ నేమ్ గడిలో మిగతా పేరు రాయాలి. సర్‌నేమ్ తప్పనిసరి కాదు కదా అని ఖాళీగా వదిలేయకండి. ఒక్క పదమే పేరుగా ఉన్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లపై యూఏఈ 2022 నవంబరు నుంచి ఆంక్షలు పెట్టింది.

దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో గానీ, ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్‌లో గానీ చేయాలి. అలాంటి పేర్లతోనే నకిలీ సైట్లున్నాయి. అసలుదాని చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉంటుంది. నెట్ సెంటర్‌లో చేయించినా ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఇవ్వండి. లేకపోతే ఓటీపీ కోసం ప్రతిసారీ వాళ్ల చుట్టూ తిరగాలి.

పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. తత్కాల్ అయితే ఇంకో 2,000 అదనం. ఫీజు కట్టాక అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. నెల్లూరు పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో తేదీ దూరంగా ఉంటే తిరుపతి, విజయవాడల్లో కూడా చూడండి. ఆ రోజు ఒరిజినల్స్ అన్నీ వెంట ఉండాలి. ఫొటో, వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు.

గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లు పదో తరగతి పాసైన సర్టిఫికెట్ తప్పకుండా చూపించాలి. అది చూపిస్తే సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర పడదు. ఆ ముద్ర ఉంటే కువైట్, సౌదీ లాంటి దేశాలకు ఉద్యోగానికి పోయేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కూడా తీసుకోవాలి.

ఇక పోలీసు విచారణ. చిరునామా దగ్గర ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఉండేది బెంగళూరులో, రాసేది కావలి ఇల్లు. విచారణకు వచ్చినవాళ్లకు మనిషి కనబడకపోతే 'ఇక్కడ లేరు' అనే రిపోర్టు పోతుంది, ఫైలు ఆగిపోతుంది. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో అదే రాయండి. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తండి, స్టేషన్ నుంచి కావచ్చు. మీ గురించి తెలిసినవాళ్లుగా (రెఫరెన్స్) ఫారంలో రాసిన ఇద్దరికీ కూడా ముందే చెప్పి ఉంచితే, అడిగినప్పుడు తడబడరు.

పుస్తకం స్పీడ్ పోస్టులో వస్తుంది. అందగానే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం చదవండి. టికెట్ మీద పేరు దాంట్లో ఉన్నట్టే ఉండాలి. పాత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు గడువు తేదీ చూసుకోండి: చాలా దేశాలు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. అది దగ్గరపడితే ముందు రీ-ఇష్యూకు పెట్టి, ఆ తర్వాతే టికెట్ కొనండి.