కుండీ మొక్క పసుపెక్కితే ఏం చేయాలి? బోరు నీళ్ళు పోసేవాళ్ళ కోసం

ఆకు పసుపెక్కగానే గుప్పెడు డీఏపీ తెచ్చి కుండీలో పోసేవాళ్ళు నల్లగొండలో ఏ మిద్దె మీద చూసినా కనిపిస్తారు. వారం తిరగకముందే ఆకుల అంచులు మాడతాయి, మొక్క తల వాలుస్తుంది, తప్పు నర్సరీ మీదికి పోతుంది. నీరసపడ్డ మొక్కకు ఎరువు వేయడమంటే జ్వరంతో పడుకున్నవాడికి బిర్యానీ తినిపించడమే. దయచేసి మానుకోండి. మన దగ్గర కుండీ మొక్కలకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం మనం పోసే నీళ్ళ దగ్గరే మొదలవుతాయి. ముందు నీళ్ళను అర్థం చేసుకోవాలి, ఎరువు సంగతి ఆ తర్వాత.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు బోర్లన్నీ రాతి పొరల్లోంచి నీళ్ళు తోడేవే. ఆ నీళ్ళలో సున్నపు ఉప్పులు, బైకార్బనేట్లు ఎక్కువగా ఉంటాయి. హీటర్ రాడ్డుకు తెల్లగా పొలుసు కట్టేది అదే. కుండీ మట్టిలో కూడా రోజూ అదే పేరుకుంటుంది. చెల్కలో అయితే వానకు కొంత కిందికి దిగిపోతుంది, పదంగుళాల కుండీలో దానికి దారేది? ఏడాది గడిచేసరికి మట్టి పీహెచ్ (పులుపో క్షారమో చెప్పే అంకె; 7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 8 దాకా చేరొచ్చు. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు.

కావాల్సిన సామాను

పీహెచ్ పేపర్లు, ఒక సీసా డిస్టిల్డ్ వాటర్, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), ఎరువుల దుకాణంలో దొరికే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాములు చూపించే చిన్న తూకం, ప్లాస్టిక్ బకెట్. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీల షాపులో దొరుకుతుంది, కానీ అక్కడే యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి. మట్టిలో గుచ్చితే ముల్లు తిరిగే మూడు పనుల మీటర్లు కొనకండి. అవి చూపించేది ఎక్కువగా తడినే, పీహెచ్ అంకెను నమ్మలేం. డిజిటల్ పెన్ను మీటరు మంచిదే, కానీ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూసుకుంటూ, మొన ఎండకుండా దాచే ఓపిక ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళకు పేపర్లు చాలు.

కుండీలు మట్టివే ఉండాలి. కొత్త సిమెంటు కుండీలోంచి సున్నం ఊరుతుంది, పీహెచ్ ఇంకా పెరుగుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే కనీసం రెండు వారాలు నీళ్ళలో నానబెట్టి, రెండు మూడు సార్లు నీళ్ళు మార్చాకే మట్టి నింపండి.

ముందు పురుగు, తర్వాత వేరు

ఆకు వెనక్కి తిప్పి చూడండి. తెల్లటి దూది ముద్దలుంటే పిండినల్లి, సన్నటి గూడుతో ఇసుక రేణువుల్లాంటి చుక్కలు కదులుతుంటే ఎర్రనల్లి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. మందారానికి వచ్చే జబ్బుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి, పీహెచ్ దాకా పోనక్కర్లేదు.

పురుగు లేకపోతే వేలు మట్టిలో రెండో కణుపు దాకా దించండి. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోతున్నాయంటే వేరు కుళ్ళుతోందని అర్థం. కుండీని పక్కకు వంచి మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, లాగితే గట్టిగా నిలబడుతుంది. కుళ్ళిన వేరు నల్లబడి, రెండు వేళ్ళతో నొక్కి లాగితే పైతొక్క ఊడి సన్నటి దారం మిగులుతుంది, మురుగు కాల్వ వాసన కొడుతుంది. అలాంటి వేళ్ళన్నీ కత్తిరించి కొత్త మట్టిలో పెట్టండి, కుండీ కింద ప్లేటు ఉంటే తీసేయండి. కుళ్ళిన మొక్కకు ఈ వ్యాసంలో ముందు చెప్పబోయే వైద్యం ఏదీ చేయకూడదు. కొత్త చిగురు వచ్చేదాకా నీడలో ఉంచి, మట్టి ఎండినప్పుడు మాత్రమే నీళ్ళు పోయాలి.

ఆకు ఏం చెబుతోంది

కింది ముదురాకులు మొత్తం పసుపెక్కి, పైచిగురు పచ్చగా ఉంటే నత్రజని తక్కువైంది. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం లోటు. అదే లక్షణం పైనున్న లేతాకుల్లో కనిపిస్తే ఇనుము అందడం లేదు. నూరువరహాలు, గులాబీ, నిమ్మ, మందారంలో ఇది బాగా తెలుస్తుంది. లేతాకు దాదాపు తెల్లబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చ వలలా నిలబడతాయి. మన బోరు నీళ్ళ జబ్బు ఇదే.

ఆకు కొసలు మాత్రమే గోధుమరంగుకు తిరిగి ఎండుతున్నాయంటే మట్టిలో ఉప్పు పేరుకుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా అయితే ఫ్లోరైడ్‌ను కూడా అనుమానించాలి. ఫ్లోరైడ్ నీళ్ళు నల్లగొండ జిల్లాకు కొత్త కాదు, ఈ రెండు మొక్కలు దాన్ని అసలు తట్టుకోలేవు. వాటికి సూపర్ ఫాస్ఫేట్ కూడా వేయొద్దు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

నీళ్ళ పరీక్ష, మట్టి పరీక్ష

బోరు నీళ్ళలో పేపరు ముంచి రంగు చూడండి. ట్యూబ్‌లైటు కింద రంగు సరిగా తెలియదు, పగటి వెలుతురులోనే చూడాలి. మట్టికైతే, పైనున్న అంగుళం తీసేసి వేర్ల దగ్గర నుంచి 20 గ్రాముల మట్టి తీసుకుని, 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, అరగంట ఆగి, పైకి తేరిన నీటిలో పేపరు ముంచాలి. నల్లా నీళ్ళతో కలిపితే మీరు నల్లానే పరీక్ష చేసినట్టు.

కుండీ మొక్కల్లో ఎక్కువ వాటికి 6 నుంచి 7 మధ్య ఉంటే చాలు. 7.5 దాటితే ఇనుము బిగుసుకుంటుంది. అంకె ఒకటి పెరిగితే క్షారగుణం పది రెట్లు పెరిగినట్టు, అందుకే 7కీ 8కీ మధ్య తేడా చిన్నదనుకోవద్దు. ఇంకో పరీక్ష: చెంచాడు పొడిమట్టి మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉంది. ఇల్లు కట్టిన చోట తవ్విన మట్టి నింపితే ఇలాగే పొంగుతుంది, సిమెంటు పెళ్ళలు కలిసి ఉంటాయి. ఆ మట్టిని బాగు చేయాలని చూడకండి, పారబోయండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. ఇంతకన్నా మంచి మిశ్రమం మన ఎండలకు లేదు.

కడగడం

కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర ఉంటే అంగుళం మందాన గోకి తీసేయండి. కుండీకి రెండింతల వాననీళ్ళో మిషన్ భగీరథ నల్లా నీళ్ళో మెల్లగా పోసి, కింది రంధ్రం నుంచి పూర్తిగా కారనివ్వండి. భగీరథ నీళ్ళకు బోరు నీళ్ళంత ఉప్పుదనం ఉండదు. ఆర్వో మిషన్ నుంచి పక్క పైపులో వదిలేసే నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయకండి, అందులో ఉప్పులన్నీ చిక్కగా ఉంటాయి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు మంచివి, బోరు నీళ్ళలో సగానికి సగం కలుపుకోవచ్చు.

నీళ్ళకు పులుపు కలపడం

అందరూ పాడుచేసేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

చాలామంది పీహెచ్ అంకెను చూసి పులుపు కొలుస్తారు. అంకె ఒక్కటే చాలదు. రెండు బోర్ల నీళ్ళు రెండూ 8 చూపించినా, ఒకదానికి బకెట్‌కు ఒక గ్రాము నిమ్మ ఉప్పు సరిపోతే ఇంకోదానికి నాలుగు గ్రాములు పట్టొచ్చు. నీళ్ళలో బైకార్బనేట్ ఎంత ఉంటే, పులుపును అంత మింగేస్తుంది. కాబట్టి పక్కింటివాళ్ళ కొలత మీకు పనికిరాదు. మీ బోరుకు మీరే కొలత కట్టుకోవాలి.

పది లీటర్ల నీళ్ళు ప్లాస్టిక్ బకెట్‌లో పట్టండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు, పులుపు లోహాన్ని కరిగిస్తుంది. ఒక గ్రాము నిమ్మ ఉప్పు విడిగా గ్లాసుడు నీళ్ళలో కరిగించి బకెట్‌లో పోసి బాగా కలపండి. పదిహేను నిమిషాలు ఆగి పేపరు ముంచండి. ఇంకా 6.5 పైనే ఉంటే అర గ్రాము వేయండి, మళ్ళీ కలపండి, మళ్ళీ ఆగండి.

ఆగడం ఎందుకంటే, పులుపు పడగానే బైకార్బనేట్ విడిపోయి నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బకెట్ గోడలకు సన్నటి బుడగలు అంటుకుని కనిపిస్తాయి. ఆ వాయువు ఉన్నంతసేపు పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది, అది పోయాక కొంచెం పైకి లేస్తుంది. వెంటనే చూసి 'వచ్చేసింది' అనుకుంటే మోసపోతారు.

ఇంకో ప్రమాదం ఉంది. 8 నుంచి 7 దాకా పీహెచ్ తొందరగానే దిగుతుంది. 7 నుంచి 6 మధ్య మొండికేస్తుంది, ఎంత వేసినా కదలనట్టు ఉంటుంది. అక్కడ విసుగొచ్చి చెంచాతో వేశారో, మింగే బైకార్బనేట్ అయిపోయాక అంకె 5 కిందికి జారిపోతుంది. ఆ నీళ్ళు పోస్తే లేత వేర్ల కొసలు కాలిపోతాయి, చిగురు మాడేదాకా మీకు తెలియదు. 6, 6.5 మధ్య ఆపేయండి. 5.5 కన్నా దిగితే ఆ బకెట్‌ను మామూలు బోరు నీళ్ళతో సరిచేసి మళ్ళీ చూడండి.

మీ కొలత తేలాక కాగితం మీద రాసి సంపు దగ్గర అంటించుకోండి. ఎండాకాలం బోరు దిగినప్పుడు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మళ్ళీ చూసుకోవాలి, నీటి గుణం మారుతుంది. ఈ నీళ్ళు ఒక విడత పోస్తే మరో విడత మామూలు నీళ్ళు పోయండి. వాననీళ్ళకు మాత్రం పులుపు అస్సలు కలపొద్దు, వాటిలో మింగే బైకార్బనేట్ లేదు, చిటికెడుకే పడిపోతాయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనాలకు కూడా పులుపు నీళ్ళు వద్దు. మట్టి పుల్లబడేకొద్దీ ఫ్లోరైడ్ ఇంకా సులువుగా లోపలికి పోతుంది. వాటికి వాననీళ్ళు దాచి పెట్టండి.

నిమ్మ ఉప్పు బదులు పుల్ల మజ్జిగ పోయమని, టీపొడి వేయమని, వెనిగర్ కలపమని చెప్పేవాళ్ళున్నారు. మజ్జిగలో పులుపెంతో ఎవరూ కొలవలేరు, పైగా ఈగలు, వాసన. టీపొడి తడి మట్టిలో బూజు పట్టి సన్న ఈగలు పెరుగుతాయి. వెనిగర్‌ది సీసాసీసాకు వేరే కొలత. కట్టెల బూడిద, గుడ్డు పెంకులైతే మనకు కావాల్సిన దానికి పూర్తి వ్యతిరేకం, బూడిద పీహెచ్‌ను పెంచుతుంది. గంధకం పొడి నిజంగా పనిచేస్తుంది, కానీ మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి, వారాలు పడుతుంది, ఎక్కువైతే వెనక్కి తీయలేం. కుండీకి నీళ్ళ దారే మేలు, రేపటి బకెట్‌లో దిద్దుకోవచ్చు.

ఇనుము

చిగురు మరీ తెల్లబడితే నీళ్ళు బాగయ్యేదాకా ఆగలేం. లీటరు నీళ్ళకు 2 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వెంటనే, ఎండ తగ్గాక ఆకుల మీద సన్నగా పిచికారీ చేయండి. వేరుశనగ రైతులు పసుపెక్కిన చేనుకు కొట్టేది ఇదే మందు, వాళ్ళు లీటరుకు 5 గ్రాములు వేస్తారు, కుండీలకు అంత వద్దు. కలిపిన మందు నిలవ ఉంచితే తుప్పు రంగుకు తిరుగుతుంది, అప్పుడు పనికిరాదు. వారం తర్వాత ఇంకోసారి కొట్టండి. అన్నభేదిని పీహెచ్ 8 ఉన్న మట్టిలో చల్లడం వృథా, మొక్కకు అందకముందే తుప్పైపోతుంది. మట్టిలోనే వేయాలంటే ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్న చిలేటెడ్ ఇనుము (మట్టిలో బిగుసుకోకుండా ఇంకో రసాయనంతో కట్టి ఉంచిన ఇనుము) కొనండి. ఈడీటీఏ రకం తక్కువ ధరకు వస్తుంది గానీ క్షారపు మట్టిలో నిలబడదు.

తెల్లబడిన పాత ఆకు మళ్ళీ పూర్తిగా పచ్చబడుతుందని చూడకండి, కొత్తగా విప్పుకునే ఆకులనే చూడండి. రెండు జతల కొత్త ఆకులు పచ్చగా వచ్చాకే ఎరువు, అదీ సగం మోతాదులో. నెల దాటినా చిగురు మారకపోతే అరకిలో మట్టి నీడలో ఆరబెట్టి, సీసాలో లీటరు బోరు నీళ్ళు పట్టి, జిల్లా భూసార పరీక్షా కేంద్రానికో, నల్లగొండ వైపువాళ్ళయితే కంపాసాగర్, మహబూబ్‌నగర్ వైపువాళ్ళయితే పాలెం కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్ళి అడగండి. పీహెచ్‌తో పాటు ఈసీ కూడా చూడమనండి, ఉప్పు ఎంత పేరుకుందో చెప్పేది ఆ అంకే.