మహమ్మారి వేళ వెన్నెముక ఆపరేషన్లు: ఏది ఆగవచ్చు, ఏది ఆగకూడదు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించిన రెండు రోజులకే, అత్యవసరం కాని శస్త్రచికిత్సలను తగ్గించాలని, వీలైతే వాయిదా వేయాలని లేదా రద్దు చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ కోరింది. ఆ రోజుల్లోనే నార్త్ అమెరికన్ స్పైన్ సొసైటీ వెన్నెముక కేసులను అత్యవసరం, త్వరగా చేయవలసినవి, వాయిదా వేయదగినవి అని మూడుగా విభజించింది. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఒక వెన్నెముక విభాగం ఈ పద్ధతిని ఎలా అమలు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న వారందరి కేస్ షీట్లు తీసి, నొప్పి ఎంత ఉందని చూడడానికి ముందే నరం పరిస్థితి ఏమిటో చూడాలి. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ల బలం రోజురోజుకు తగ్గుతున్నవారు, వెన్నెముక విరిగి నిలకడ తప్పినవారు, వెన్నుపాము చుట్టూ చీము పట్టినవారు మొదటి వర్గంలోకి వస్తారు. నడుము కింది భాగంలోని నరాల కట్ట నొక్కుకుపోయి, మూత్రం బిగిసిపోవడమో తెలియకుండా పోవడమో జరిగినా, కూర్చునే చోట స్పర్శ పోయినా అదీ ఈ వర్గమే. ఇక్కడ గంటలు కూడా విలువైనవే. ఇటీవల ముదురుతున్న మైలోపతి (వెన్నుపాము నొక్కుకుపోయి దాని పని దెబ్బతినడం), డిస్క్ జారి కండరం బలహీనపడడం, మందులకు లొంగక రోగిని ఎమర్జెన్సీకి రప్పిస్తున్న నొప్పి రెండో వర్గంలో చేరతాయి. బలహీనత లేని సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి), ఏళ్ల తరబడి ఉన్న గూని, పాత రాడ్లు స్క్రూలు తీయడం వంటివి ఆగగలవు.

వర్గం నిర్ణయించాక అదే శాశ్వతమని అనుకోవడం ప్రమాదకరం. వాయిదా పడిన రోగికి ప్రతిసారీ మళ్లీ ఎప్పుడు పరీక్షించేదీ తేదీ రాసి ఇవ్వాలి. మన దేశంలో 2020 మార్చిలోనే టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి కనుక ఈ పరీక్షలో కొంత భాగం వీడియోలో చేయవచ్చు. ఇంట్లోవాళ్లలో ఒకరు పడిపోకుండా పట్టుకునేలా పక్కనే నిలబడగా, ఫోన్‌ను పాదాలు కనిపించేంత కిందికి పెట్టించి, రోగిని నాలుగు అడుగులు మడమల మీద, నాలుగు అడుగులు మునివేళ్ల మీద నడవమనాలి. మడమల మీద నిలబడలేక పాదం వాలిపోతే ఐదో నడుము నరం బలహీనపడిందని అనుమానించాలి. మెడ సమస్య ఉన్నవారిని పది సెకన్లపాటు వేగంగా పిడికిలి మూసి తెరవమని లెక్కపెట్టాలి. 20 సార్లు చేయలేకపోతే, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఈమధ్య కష్టమైందా అని అడగాలి. మూత్రం గురించి మాత్రం సిగ్గుపడకుండా చెప్పేలా సూటిగా, మర్యాదగా అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల జరిగే నష్టాన్ని తరువాత ఏ ఆపరేషనూ పూర్తిగా పూడ్చలేకపోవచ్చు. తేడా కనిపిస్తే వీడియోతో సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి పిలిపించాలి.

ఒకే వర్గంలో చాలామంది ఉన్నప్పుడు నిర్ణయాన్ని ఒక్క సర్జన్‌కు వదలకుండా, మత్తు వైద్యుడు, ఐసీయూ బాధ్యులు కూడా ఉన్న చిన్న బృందం తీసుకోవాలి. షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు రూపొందించిన మెంట్స్ పద్ధతిలో ఆపరేషన్, వ్యాధి, రోగి అనే మూడు కోణాల్లో 21 అంశాలకు ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు వేస్తారు. మొత్తం పెరిగేకొద్దీ ఆగడమే మేలని అర్థం. ఈ లెక్క ఆలోచనకు తోడ్పడుతుందే గానీ, నరాన్ని పరీక్షించిన వైద్యుడి మాటను పక్కన పెట్టజాలదు.

ఆపరేషన్ తప్పనిసరైతే ముందే కోవిడ్ పరీక్ష చేయించాలి. అత్యవసర కేసులో ఫలితం కోసం ఆగకుండా పాజిటివ్‌గానే భావించి రక్షణ దుస్తులతో మొదలుపెట్టాలి. శ్వాసనాళంలో గొట్టం వేసేటప్పుడు అవసరమైనవారే గదిలో ఉండాలి. ఎముకను తొలిచే డ్రిల్ వాడకాన్ని వీలైనంత తగ్గించి, కాటరీ (రక్తస్రావం ఆపేందుకు కణజాలాన్ని కాల్చే పరికరం) పొగను పీల్చివేసే ఏర్పాటు చేసుకోవాలి.

వాయిదాల వెనుక ఉన్న కారణాన్ని రోగులకు దాచకుండా చెప్పడం అవసరమని నా అభిప్రాయం. 2020లో 24 దేశాల నుంచి 1,128 మందిని పరిశీలించిన కోవిడ్‌సర్జ్ అధ్యయనంలో, ఆపరేషన్ సమయానికి అటూ ఇటూ కోవిడ్ సోకినవారిలో 23.8 శాతం మంది 30 రోజుల్లోపే మరణించారు. ఈ సంగతి నెమ్మదిగా వివరిస్తే, తమను పట్టించుకోవడం లేదన్న బాధ చాలావరకు తగ్గుతుంది.

తిరిగి ప్రారంభించేందుకు, ఆ ప్రాంతంలో కొత్త కేసులు కనీసం 14 రోజులు వరుసగా తగ్గి ఉండాలని 2020 ఏప్రిల్ 17న అమెరికాలోని సర్జన్లు, మత్తు వైద్యులు, ఆపరేషన్ థియేటర్ నర్సులు, ఆసుపత్రుల సంఘాలు ఉమ్మడిగా సూచించాయి. అప్పుడు కూడా జాబితాలో ముందు చేరినవారిని కాక, ఆలస్యంతో నరం దెబ్బతినే అవకాశం ఉన్నవారిని ముందు పిలవాలి. కోవిడ్ నుంచి కోలుకున్నవారి విషయంలో అమెరికా మత్తు వైద్యుల సంఘాలు 2020 డిసెంబరులో, లక్షణాలు లేనివారికి 4 వారాలు, లక్షణాలున్నా ఆసుపత్రిలో చేరనివారికి 6, మధుమేహం ఉన్నవారికి లేదా ఆసుపత్రిలో చేరినవారికి 8 నుంచి 10, ఐసీయూలో ఉన్నవారికి 12 వారాల విరామం సూచించాయి. టీకాలు వచ్చాక వీటిని సవరించారు కనుక ఎప్పటికప్పుడు తాజా సూచనలు చూసుకోవాలి. అత్యవసర కేసులను మాత్రం ఈ గడువుల పేరుతో ఆపకూడదు.