పాత హెరాల్డ్ ఇంజను మిస్సింగ్ కొడుతుంటే లోపాన్ని వెతికే పద్ధతి

ఇంజను మిస్సింగ్ కొడుతున్నదనగానే, అంటే ఏదో సిలిండరు సరిగా మండక ఇంజను తడబడుతున్నదనగానే, చాలామంది చెయ్యి నేరుగా పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ మీదికి పోతుంది. స్క్రూ తిప్పగానే శబ్దం కొంత మారుతుంది గనుక లోపం దొరికిందనిపిస్తుంది. నిజానికి ఉన్న లోపం ఉన్నచోటే ఉండగా, దానికి తోడు సెట్టింగు కూడా చెడుతుంది. 1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారును నల్లగొండలో నడుపుతున్నవాడిగా నేను చెప్పేదేమంటే, కార్బొరేటర్‌ను చిట్టచివరికి వదిలి, ముందుగా ప్లగ్గుల నిప్పును చూడాలి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కూడా హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగా వచ్చిందే కాబట్టి దానికీ ఇదే పద్ధతి పనికివస్తుంది.

హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరుగుతుంది, అందువల్ల ఇంజను మొత్తం చేతికందుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజను వేడెక్కాక స్లోలో ఉంచి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో ఒక్కొక్క ప్లగ్గు వైరును క్షణంపాటు లాగి మళ్లీ పెట్టండి. ఏ వైరు తీసినా ఇంజను తడబడాలి. ఏది తీసినప్పుడు తేడా రాలేదో ఆ సిలిండరు పనిచేయడం లేదు. దాని ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూస్తే, లోపం ప్లగ్గుతో పాటు పక్కకు పోయిందో, అక్కడే ఉండిపోయిందో తేలిపోతుంది. వైర్లన్నీ ఒకేసారి పీకవద్దు. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లలో నిప్పు పడే వరుస, 1-3-4-2, తప్పితే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

లోపం ఒకే సిలిండరులో కాక అన్నిటిలోనూ కనిపిస్తే, ప్లగ్గులకు వరుసగా నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ కప్పు తీయండి. దాని లోపల కరెంటును తెంచి కలిపే పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు కొత్తవి వేసినా త్వరలోనే మాడి గుంటలు పడుతుంటే, పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను అణిచే కండెన్సర్‌ను అనుమానించాలి. నా కారు నార్కట్‌పల్లి దారిలో యాక్సిలరేటర్ సగం తొక్కినప్పుడు మాత్రమే ఎగిరెగిరి పడేది. ఒక షెడ్డులో కార్బొరేటర్‌ను రెండుసార్లు విప్పి కడిగినా ఫలితం లేకపోయింది. చివరకు డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నని వైరును వేళ్లతో వంచి చూస్తే, పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు తెగి ఉన్నాయి. ఇంజను పీల్పుతో పనిచేసే వాక్యూమ్ డబ్బా పాయింట్ల ప్లేటును తిప్పినప్పుడల్లా ఆ పోగులు విడిపోయి, స్లోలో మళ్లీ కలిసేవి.

నిప్పు సరిగా ఉంటే ట్యాపెట్లు (వాల్వుల సందు), తరువాత కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి) చూడాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ తక్కువగా వస్తే, వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. సిలిండర్లకు గాలి, పెట్రోలు చేర్చే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు చుక్కలుగా వేసినప్పుడు ఇంజను శబ్దం మారితే, అక్కడ గాలి లీకవుతున్నట్టు.

ఆ తరువాతే పెట్రోలు. ఇప్పుడు దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బించి మెత్తబరుస్తుంది. పంపు అద్దపు గిన్నెలో అడుగున నీటి బొట్టుగాని, నల్లని రబ్బరు నలుసులుగాని కనిపిస్తే పైపులను ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించుకుని, అప్పుడే కార్బొరేటర్ లోపలి సన్నని రంధ్రాల జెట్లు శుభ్రం చేయాలి.

మే నెల ఎండలో మన దగ్గర మరో చిక్కు ఉన్నది. ఉదయం చక్కగా నడిచిన కారు మధ్యాహ్నం ఆగిపోతే, అది పైపులో పెట్రోలు ఆవిరి కావడం వల్ల కావచ్చు, ప్లగ్గులకు హై వోల్టేజి ఇచ్చే కాయిల్ వేడికి పనిచేయకపోవడం వల్లనూ కావచ్చు. ఆగిన వెంటనే, బండి చల్లబడకముందే, ఒక ప్లగ్గు తీసి, వైరు తగిలించి, పెట్రోలు వాసన లేనిచోట ఇంజను లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నిప్పు రాకపోతే కాయిల్‌ను చూడాలి. నిప్పు నీలంగా, గట్టిగా వస్తుంటే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగండి. ఆ తరువాత స్టార్టయితే, పైపును ఎగ్జాస్టుకు దూరంగా మళ్లించి కట్టించుకోవాలి.